పొట్టేలు కార్జంలో నీళ్ల బుగ్గలు కనిపిస్తే ఏం చేయాలి, కోసిన యాటలో ఏమేం చూసుకోవాలి

తమ్ముడూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. పాప పుట్టువెంట్రుకలకు ఐనవోలు మల్లన్న దగ్గరికి పోయివచ్చి ఇంటి దగ్గర పొట్టేలును కోయించారు. కడుపు తెరిస్తే కార్జం మీద, ఊపిరితిత్తుల మీద నిమ్మకాయంత తెల్లటి నీళ్ల బుగ్గలు, కార్జాన్ని కోస్తే ఆకులాంటి పురుగు ఒకటి జారింది. కోసినాయన "ఇవి మామూలే" అని కార్జం, ఊపిరితిత్తులు తీసి వాకిట్లో ఉన్న మీ కుక్కకు వేశాడు. సగం మంది కూర తిన్నారు, సగం మంది పప్పుతో సరిపెట్టుకున్నారు. తిన్నవాళ్లలో కడుపుతో ఉన్న మీ వదిన కూడా ఉంది కాబట్టి ఇంట్లో అందరికీ టెన్షన్. ఆమెకు ఏమైనా అవుతుందా, ఇకముందు డాక్టర్ లేనిచోట యాటను కోస్తే మేమే ఏం చూసుకోవాలి, మేడారం జాతరకు పోయినప్పుడు ఎట్లా అని అడిగారు.

మీ వదినకు ఆ బుగ్గల వల్ల ఏమీ కాదు, తిన్న మిగతావాళ్లకూ కాదు. ఆ బుగ్గలు గానీ ఆ పురుగు గానీ, మెత్తగా ఉడికిన కూర ద్వారా మనిషికి అంటుకునే రకం కాదు. నాకు గుండె ఝల్లుమన్నది వేరే మాట దగ్గర, వాటిని కుక్కకు వేశాడన్న మాట దగ్గర. కాబట్టి ముందు అదే చెప్తాను, ఎందుకంటే ఆ పని మీరు ఈ వారంలోనే చేయాలి.

నేను పశువైద్యుడిగా 31 ఏళ్లు చేసి రిటైరయ్యాను. అందులో తొమ్మిదేళ్లు వరంగల్ చుట్టుపక్కల ఒక స్లాటర్ హౌస్‌లో తెల్లవారుజామున నాలుగింటికి పోయి కోసిన గొర్రెలను, మేకలను ఒక్కొక్కటీ చూసి ముద్ర వేసే డ్యూటీ. మీరు చెప్పిన బుగ్గలను ఎన్నిసార్లు కోసి అవతల పెట్టించానో లెక్కలేదు. వాటిని హైడాటిడ్ తిత్తులు అంటారు. అవి గొర్రెకు పుట్టుకతో వచ్చినవి కావు, కుక్క నుంచి వచ్చినవి. కుక్క పేగుల్లో ఎకైనోకాకస్ అనే బద్దెపురుగు ఉంటుంది, బియ్యపు గింజ కంటే చిన్నది, వేలకొద్దీ ఉన్నా కుక్క హుషారుగానే తిరుగుతుంది, చూస్తే తెలియదు. దాని గుడ్లు కుక్క మలంతో గడ్డి మీద, నీళ్లలో పడతాయి. ఆ గడ్డి మేసిన గొర్రె పేగుల్లో గుడ్డు పగిలి, పిల్ల రక్తంలోకి దూరి, కార్జంలోనో ఊపిరితిత్తుల్లోనో ఆగి నీళ్ల బుగ్గలా నెలల తరబడి పెరుగుతుంది. ఆ బుగ్గను కోస్తే నీళ్లతో పాటు సన్నటి ఇసుకలాంటిది కనిపిస్తుంది చూడండి, ఆ ఇసుకలో ఒక్కో రేణువూ కుక్క కడుపులోకి పోతే ఒక్కో పురుగు అవుతుంది.

గొర్రెకు వచ్చినట్టే మనిషికీ వస్తుంది. గొర్రె మాంసం తింటే కాదు, కుక్క మలంలోని ఆ పురుగు గుడ్లు నోట్లోకి పోతే. కుక్కను నిమిరి చేయి కడుక్కోకుండా అన్నం తిన్న పిల్లలు, కుక్క తిరిగే దొడ్లో కొత్తిమీర తెంపి సరిగ్గా కడగకుండా తిన్నవాళ్లు. లోపల బుగ్గ ఐదేళ్లు పదేళ్లు మెల్లగా పెరుగుతుంది, నొప్పి ఉండదు, ఏదో ఒకరోజు కడుపులో బరువని స్కానింగ్‌కు పోతే కాలేయంలో టెంకాయంత తిత్తి ఉందని చెప్తారు. నాకు బాగా తెలిసిన ఒక గొర్రెల కాపరికి ఇట్లాగే ఆపరేషన్ అయింది. ఆ తిత్తి లోపల పగిలితే ఒక్కసారిగా అలర్జీ వచ్చి ప్రాణం మీదికి వస్తుందని సర్జన్లు ఎంతో జాగ్రత్తగా తీస్తారు. ఆయన మంద వెంట మూడు కుక్కలు ఉండేవి, మందలో ఏ గొర్రె చచ్చినా వాటికే వేసేవాడు. ఆ సంగతి ఆయనకు అంతకుముందు ఒక్కరూ చెప్పలేదు, నేను కూడా చెప్పలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను.

కాబట్టి మీ కుక్కను ఈ వారంలో పశువుల దవాఖానకు తీసుకుపోయి ప్రాజిక్వాంటెల్ మాత్ర వేయించండి. మామూలు నట్టల మందు వేసి పంపిస్తే ఒప్పుకోవద్దు, ప్రాజిక్వాంటెల్ ఉన్నదే కావాలి, కుక్క బరువు కిలోకు 5 మిల్లీగ్రాముల లెక్క. పురుగు కుక్క కడుపులో ఎదిగి గుడ్లు వదలడానికి ఆరేడు వారాలు పడుతుంది, అంటే మొన్న తిన్నదాని గుడ్లు ఇంకా బయటికి రాలేదు, మీరు సమయానికే అడిగారు. నెల తర్వాత ఇంకోసారి వేయించండి. మందు పురుగును చంపుతుంది కానీ గుడ్డును చంపదు, పాత పురుగులు ఉండి ఉండొచ్చు కూడా, అందుకని మందు వేసిన రెండు మూడు రోజులు కుక్కను కట్టేసి ఉంచి మలాన్ని గుంత తీసి పూడ్చండి. పాపను ఆ రోజుల్లో కుక్క దగ్గరికి పోనివ్వకండి.

ఇక ఆ ఆకులాంటి పురుగు. అది కార్జపు జలగ. మన దిక్కు చెరువులు ఎక్కువ, కాకతీయుల కాలం నుంచి పాకాల, రామప్ప, లక్నవరం, వాటి కింద ఊరూరా చిన్న కుంటలు. ఆ గట్ల పొంటి ఉండే నత్తల్లో ఈ జలగ పిల్లలు పెరిగి, నీళ్లు తగ్గాక తడి గడ్డికి అంటుకొని ఉంటాయి. ఎండాకాలం వేరే మేత లేక మందను చెరువు శిఖంలోకి తోలుతారు, గొర్రెలకు ఈ జలగ అక్కడే పడుతుంది. కార్జంలో పైత్యరసం పోయే గొట్టాలు గట్టిపడి, తెల్లటి తాళ్లలా ఉబ్బుతాయి. బతికి ఉన్నప్పుడే దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతుంది, గొర్రెల కాపరులందరికీ ఇది తెలుసు. ఆ జలగను పొరపాటున ఉడికించి తిన్నా మనిషికి జలగ పట్టదు. అయినా అట్లాంటి కార్జం తినడానికి పనికిరాదు, మొత్తం తీసేయాల్సిందే. అమ్మేవాళ్లు బాగున్న సగం ఉంచి చెడిన సగం కోసేస్తారు, నేను మాత్రం ఎప్పుడూ ఒప్పుకోలేదు, ఎందుకంటే బాగున్నట్టు కనిపించే సగంలో కూడా సన్న గొట్టాల్లో చిన్న జలగలు ఉంటాయి.

ఇంకో రెండు చూసి కూడా చాలామంది భయపడతారు. పొట్ట మీది కొవ్వు తెరకు వేలాడే, సన్నటి మెడ ఉన్న పలుచటి నీళ్ల సంచి ఒకటి. అది కూడా కుక్క బద్దెపురుగు పిల్లే కానీ మనుషులకు వచ్చే రకం కాదు, తీసి పూడ్చేయండి. బోటి కడిగేటప్పుడు పెద్ద పొట్ట లోపలి గోడకు దానిమ్మ గింజల్లా ఎర్రగా అతుక్కొని ఉండేవి రెండోది. అవి పొట్ట జలగలు. వేడినీళ్లు పోసి గీకితే ఊడిపోతాయి, బోటి తినొచ్చు. మా ఇంట్లో కూడా అట్లాగే చేస్తాం.

ఇన్నేళ్లలో నేను గమనించింది ఏంటంటే జనం కంటికి కనిపించే పురుగుకు భయపడతారు, కంటికి కనిపించని దానికి భయపడరు. పురుగు ఉన్న పొట్టేలు చాలావరకు నడిచి వచ్చిన పొట్టేలే, కార్జం తీసేస్తే మిగతా మాంసం బాగానే ఉంటుంది. అసలు ప్రమాదం జ్వరంతో పడిపోయి, కొన ఊపిరి ఉండగా "ఎట్లాగూ చచ్చిపోతుంది, పైసలన్నా వస్తాయి" అని కోసిన గొర్రెది. దాని కార్జంలో ఒక్క బుగ్గ కూడా ఉండకపోవచ్చు, పోగులు పెడితే చూడడానికి ఎర్రగా బాగానే ఉండొచ్చు. తొలకరి వానలకు లేత గడ్డి మేసి చిటుక రోగంతో రాత్రికి రాత్రి పడిపోయేవి, గొంతువాపు వచ్చినవి, ఇంజక్షన్ల మీద ఇంజక్షన్లు చేసినా కోలుకోక చివరికి అమ్మేసినవి, ఇవన్నీ ఊర్లలో సగం ధరకు దొరుకుతాయి. ధర మరీ తక్కువ చెప్తే కారణం అడగండి.

వీటన్నిట్లో ఒకదాన్ని మాత్రం అసలు ముట్టుకోకూడదు. దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్. మంచిగా మేస్తున్న గొర్రె ఉన్నట్టుండి కూలి చచ్చిపోవడం, ముక్కు, నోరు, మలద్వారం నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారడం, పొట్ట త్వరగా ఉబ్బడం దాని గుర్తులు. అటువంటి దాన్ని కోస్తే లోపల తిల్లి (ప్లీహం) మామూలు కంటే మూడు నాలుగింతలు పెద్దగా, నల్లగా, పిసికితే ముద్దలా ఉంటుంది. కానీ అక్కడిదాకా పోవద్దు, అసలు కత్తే పెట్టకూడదు. శరీరం మూసి ఉన్నంతసేపు ఆ క్రిమి లోపలే కుళ్లి చస్తుంది, కోసి గాలి తగలనిస్తే గట్టి పెంకు కట్టుకొని నేలలో పదుల ఏళ్లు బతుకుతుంది, ఆ జాగాలో మేసిన మందలు మళ్లీ మళ్లీ చస్తాయి. ఇది ఎక్కడో ఉన్న జబ్బు కాదు, 2021లో మన వరంగల్ జిల్లా దుగ్గొండి మండలంలోనే గొర్రెలు చనిపోతే ఇదే అని తేలింది.

నా సర్వీసు మొదట్లో ములుగు వైపు ఒక ఊర్లో చచ్చిన గొర్రెను నలుగురు కలిసి కోసి పోగులు పెట్టుకున్నారు. మూడో రోజు కోసినాయన మోచేతి మీద దురద పెట్టే పొక్కు లేచింది, అది పగిలి నడుమ బొగ్గులా నల్లటి పెచ్చు కట్టింది, చుట్టూ చేయి వాచింది, విచిత్రం ఏంటంటే నొప్పి లేదు. నొప్పి లేదని ఆయన దవాఖానకు పోలేదు. నేను మందకు టీకాలు వేయడానికి పోయి ఆ చేయి చూసి, బండి మీద ఎక్కించుకొని పెద్ద దవాఖానకు తీసుకుపోయాను, పెన్సిలిన్‌తో బతికాడు. పోగులు తీసుకున్న ఇళ్లన్నీ తిరిగి, కుండల్లో ఉన్న మాంసం బయటికి తీయించి, ఊరి అవతల తగలబెట్టించాం. ఒక ముసలమ్మ పొద్దున్నే వండిన కూర అని ఏడుస్తూ ఇచ్చింది. కాబట్టి ఉన్నట్టుండి చచ్చిన జీవాన్ని చూస్తే పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేయండి, డాక్టర్ వచ్చి చెవి నరం నుంచి ఒక్క చుక్క రక్తం తీసి చూస్తాడు, అంతకు మించి కోయాల్సిన అవసరమే లేదు.

సరే, ఆరోగ్యంగా ఉన్న పొట్టేలునే కొన్నారు అనుకుందాం. చూడడం కోతకు ముందే మొదలుపెట్టాలి. ముందురోజే తెచ్చి నీడలో కట్టి నీళ్లు పెట్టండి. స్లాటర్ హౌస్‌లలో కూడా 24 గంటలు విశ్రాంతి ఇవ్వాలని కేంద్రం తెచ్చిన 2001 నాటి స్లాటర్ హౌస్ నిబంధనల్లో ఉంది. ఎందుకంటే ఆటోలో కుక్కి, బెదిరించి, పరుగెత్తించి తెచ్చిన జీవం కండలోని శక్తి అంతా ఖర్చైపోతుంది. కోసిన తర్వాత కండలో పుట్టాల్సిన పులుపు పుట్టదు, మాంసం నల్లగా, జిగటగా ఉండి తొందరగా చెడుతుంది. ఆ కట్టేసిన పూట నెమరు వేస్తోందా, దగ్గుతోందా, ముక్కు కారుతోందా, నోట్లో పుండ్లు ఉన్నాయా, తోక కింద పారుడు అంటుకుందా చూడండి. నెమరు వేసే యాటకు పెద్ద జబ్బు ఉండడం అరుదు. చూడితో ఉన్నదాన్ని, మూడు నెలల లోపు పిల్ల ఉన్న తల్లిని కోయకూడదని ఆ నిబంధనల్లోనే ఉంది, అమ్మేవాడు చెప్పకపోతే మీరే అడగండి.

కోసి వేలాడదీశాక నేను తల దగ్గర మొదలుపెట్టేవాణ్ణి. నాలుక, చిగుళ్లు, దవడ మూలన గ్రంథులు. మనకు చంకల్లో, గజ్జల్లో బిళ్లలు కడతాయి కదా, జీవాలకూ అట్లాగే ఒళ్లంతా గ్రంథులు ఉంటాయి, ఏ భాగంలో జబ్బు ఉంటే ఆ భాగం బిళ్ల వాస్తుంది. మా పని సగం ఆ బిళ్లలను వెతికి కోసి చూడడమే. గొర్రెల్లో భుజం ముందర ఉండే బిళ్లను తప్పకుండా నొక్కి చూడండి, కోడిగుడ్డంత ఉంటే లోపల పచ్చటి గట్టి చీము, ఉల్లిపాయ పొరల్లా పొరలు పొరలుగా ఉంటుంది. దాన్ని పగలకుండా చుట్టూ మాంసంతో సహా తీసేసి, ఆ కత్తిని సలసల మరిగే నీళ్లలో కడిగి మళ్లీ వాడాలి. స్లాటర్ హౌస్‌లో 82 డిగ్రీల నీళ్లు పెట్టుకొని, రెండు కత్తులు మార్చి మార్చి వాడతాం. ఒక్కచోట ఉంటే ఆ భాగం తీస్తే చాలు. భుజం దగ్గర, తొడ దగ్గర, ఊపిరితిత్తుల మధ్య అన్నిచోట్లా ఉంటే, యాట బక్కగా కూడా ఉంటే మొత్తం వదిలేయాలి.

ఊపిరితిత్తులు దూదిలా మెత్తగా, లేత గులాబీ రంగులో ఉండాలి. ఒక ముక్క నీళ్లలో వేస్తే తేలాలి. కార్జంలా గట్టిపడి మునిగితే నిమోనియా. గుండె చుట్టూ పొరలో నీళ్లు ఎక్కువ ఉన్నాయా చూడండి. కార్జం అంచులు పలుచగా కత్తిలా ఉండాలి, మొద్దుగా గుండ్రంగా మారితే వాచినట్టు. కొవ్వు మేకకైనా గొర్రెకైనా తెల్లగా ఉంటుంది. పసుపు పచ్చగా కనిపిస్తే కంటి తెల్లగుడ్డు, కీళ్ల దగ్గర తెల్లటి నరాలు కూడా చూడండి, అవీ పచ్చగా ఉంటే కామెర్లు, ఆ యాటను మొత్తం వదిలేయాలి. మెడ, తొడ దగ్గర కోస్తే పచ్చటి చీము గూడు కనిపిస్తే అక్కడ సూది పొడిచారని అర్థం, ఎన్ని రోజుల కింద పొడిచారో నిలదీసి అడగండి, ప్రతి మందుకూ ఆ తర్వాత ఇన్ని రోజులు కోయకూడదని ఒక గడువు ఉంటుంది.

చచ్చినదాన్ని కోసి తెచ్చారా అన్న అనుమానం వస్తే పక్కటెముకల మధ్య చూడండి. ప్రాణంతో ఉండగా కోస్తే రక్తం కక్కేస్తుంది, అక్కడి సన్నటి రక్తనాళాలు ఖాళీగా ఉంటాయి. చచ్చాక కోస్తే ఆ నాళాలు నల్లటి గీతల్లా నిండి కనిపిస్తాయి, ఏ పక్కకు పడి చచ్చిందో ఆ పక్క మాంసం ముదురు రంగులో ఉంటుంది. గొంతు కోసిన అంచులు కూడా తేడాగా ఉంటాయి, బతికి ఉన్నప్పటి కోతలో అంచులు వెనక్కి ముడుచుకొని రక్తం ఇంకి ఉంటాయి. వాసన మీద అనుమానం ఉంటే చిన్న ముక్కను మూతపెట్టి ఉడికించి మూత తీయగానే వాసన చూడండి, మందు వాసన, కుళ్లు వాసన ఆవిరిలో బయటపడతాయి.

షాపులో కొనేవాళ్లు ముద్ర కోసం అడగండి. సిగ్గుపడొద్దు. ఇది చెప్పేటప్పుడు ఒక నిజం కూడా చెప్పాలి. ఒక డాక్టర్ గంటకు 12, రోజుకు 96 జీవాల కంటే ఎక్కువ చూడకూడదని ఆ 2001 నిబంధనల్లోనే ఉంది. దసరా పొద్దున నేను పనిచేసిన చోట ఎన్ని వచ్చేవో నాకు తెలుసు, అవన్నీ ఒక్కణ్ణే చూడాల్సి వచ్చేది. ఇంకో డాక్టర్ కావాలని మూడేళ్లు రాశాను, ఇవ్వలేదు. చూడని యాట మీద ముద్ర వేయమని ఒత్తిడి చేస్తే వేయలేదు, దానికి మాటలు పడ్డాను. జనం అడిగితేనే అక్కడ మనుషులను పెంచుతారు.

పంది మాంసం గురించి మీరు అడగలేదు కానీ ఒక్క మాట. దాని కండలో బియ్యపు గింజల్లా తెల్లటి బుడిపెలు ఉంటే, గొర్రె సంగతి వేరు దీని సంగతి వేరు, అది తిన్నవాళ్లకే పడుతుంది. సరిగ్గా ఉడకకపోతే కడుపులో బద్దెపురుగు అవుతుంది, ఆ పురుగు గుడ్లు మనిషి మలం నుంచి నోట్లోకి పోతే మెదడులో తిత్తులై ఫిట్స్ వస్తాయి. అటువంటిది ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోవద్దు.

మేడారంలో అయినా, ఇంటి దగ్గర అయినా మీరు చేయాల్సింది ఒకటే తీరు. యాటను నేల మీద పొర్లించి కోయకుండా చెట్టుకు వేలాడదీయించండి, పేగులు తెగకుండా తీయించండి, ఎండలో గంటల తరబడి ఉంచకుండా వెంటనే పొయ్యి మీదికి ఎక్కించండి లేకపోతే ఐసులో పెట్టండి, నల్ల (యాట రక్తం) వండుకునేవాళ్లు దాన్ని బాగా ఉడికించండి. బుగ్గలు ఉన్న కార్జం, ఊపిరితిత్తులు వస్తే పగలగొట్టకండి. అక్కడ తిరిగే కుక్కలకు జాలిపడి వేయాలనిపిస్తే ముప్పావు గంట మరగబెట్టి వేయండి, లేకపోతే నడుము లోతు గుంతలో సున్నం చల్లి పూడ్చి మీద బండరాళ్లు పెట్టండి, మట్టి ఒక్కటే పోస్తే రాత్రికి తవ్వి తీస్తాయి. గుంత మాత్రం కోతకు ముందే తవ్వించి పెట్టుకోండి, వంట మొదలయ్యాక గడ్డపార పట్టుకునేవాళ్లు దొరకరు.